పన్నెండు జ్వోతీల తగ్గింపు

మా ఊరి పేరుకి అర్థం పడవ.
పడవ వెయ్యడానికి ఏరేదని అడక్కండి,
నేలకింద గొట్టాల్లో పారుతోందట.

గెనోవెఫా గారు కొట్లోకొచ్చిన రోజు
బయట మంచు బురదైపోయి ఉంది.
బూట్లు గుమ్మంలోనే రెండుసార్లు తట్టి
చేతిసంచిలోంచి తాడు తీశారు.
రెండు ముళ్లు వేసిన తాడు.
"ఈ ముడిదాకా వెడల్పు, ఆ ముడిదాకా ఎత్తు.
బొమ్మ ఏదైనా సరే."

బీరువా తీసేసిన చోట
గోడకి మరక మిగిలిందట.

రేవు చూపించాను, గుర్రాలు చూపించాను,
తాడు పట్టి చూసి తల అడ్డంగా ఊపారు.
తాడుకి సరిపోయింది ఒక్కటే,
ఆరునెలలుగా ఎవరూ అడగనిది:
అంతా బూడిదరంగు.
పైనుంచి కిందికి, కాస్త వాలుగా,
ఒక ఎర్రగీత
సగం దారిలో తెగి
వేలెడు దూరం ఆగి
మళ్లీ మొదలవుతుంది.

అచ్చుప్రతే. అసలుది ఎక్కడో మ్యూజియంలో.
వెనకట్టమీది నాలుగు ముక్కలూ
అప్పజెప్పబోయాను:
శూన్యం, విరామం, నిశ్శబ్దం...

ఆవిడ వినట్లేదు. కళ్లజోడు మార్చుకుని
అద్దానికి ముక్కు తగిలేంతగా వంగి
"ఇక్కడ పడుగు తెగింది" అన్నారు.
"తెగినా మగ్గం ఆపలేదు. చూశావా,
పేక దానిపాటికది పోతూనే ఉంది."

ముప్ఫైయొక్కేళ్లు మిల్లులో, తనిఖీ బల్ల దగ్గర,
దీపంమీదుగా జారిపోయే గుడ్డలో
తప్పు కనపడ్డ చోటల్లా సుద్దముక్కతో గీటు.
గీటుకింతని నేతగత్తెల జీతంలో కోత.
"ఇలాంటిదానికి బ్రొనిస్లావాకి పూటకూలి పోయేది.
నా స్నేహితురాలే.
గీటు పెట్టింది నేనే."

తుడిచిన అద్దమే మళ్లీ తుడిచాను.

ధర చెప్పాక బేరం మొదలైంది.
తప్పున్న సరుకుకి పూర్తి ధర ఏమిటని ఆవిడ,
తప్పు కాదండీ, అది కళ అని నేను.
అప్పుడు వేలు పెట్టి చూపించారు,
ఎడమపక్క తెల్లట్ట అంచు
కుడిపక్కకంటే రెండు మిల్లీమీటర్లు తక్కువ.
కోసింది నేనే. నాకే కనపళ్లేదు.

పన్నెండు జ్వోతీలు తగ్గించాను.

పాత దుప్పట్లో చుట్టి
ఆ ముళ్ల తాడుతోనే కట్టమన్నారు.
చిల్లర లెక్కపెడుతూ, తల ఎత్తకుండా,
"అద్దంమీద సుద్ద నిలుస్తుందా?" అని అడిగారు.
నిలవదండీ, జారిపోతుంది.

"అయితే సరే" అన్నారు.
ట్రాంలో బొమ్మని కిటికీవైపు కూర్చోబెట్టి
తను నిలబడ్డారు.