అయిదుకు రెండు

నల్లగొండ పెద్దాసుపత్రి పాత ఎక్స్‌రే గదిల
ఇప్పుడొక ప్లాస్టిక్ డబ్బా ఉన్నది.
బియ్యం పోసుకునే డబ్బానే.
మూతకు రెండు బొక్కలు, లోపట చిన్న లైటు, ఓ కెమెరా.
చేసింది లింగస్వామి,
మర్రిగూడ నీళ్లు తాగి మెడ బిగుసుకపోయిన మనిషి.
పక్కకు చూడాలంటె ఒళ్లంత తిప్పుతడు.

డబ్బాకు అటుదిక్కు గుండెబోయిన సౌజన్య,
పీజీ మూడో ఏడు, చేతిల స్టాప్‌వాచ్.
ఇటుదిక్కు నేను,
ఇరవై తొమ్మిదేండ్ల సర్జన్ని.
పరీక్ష నాకు.

ఆరు రబ్బరు రింగులు.
ఎడమ చేత్తోని ఎత్తి, గాలిలనే కుడికి అందిచ్చి
అవతలి పుల్లకు తొడగాలె.
అంతే. పిల్లలాట.
మూరెడు కడ్డీ కొసన నా వేళ్లు లేవు.
చెయ్యి ఎడమకు పోతె కొస కుడికి పోతది,
కిందికి నొక్కితె పైకి లేస్తది.
తెర మీద లోతు లేదు,
గోడకున్న పటంల చెయ్యి పెట్టి దేవులాడినట్టు.
రెండు జారినయి. ఒకటి పుల్లలు దాటి దొర్లి
కెమెరాకు అందకుండ పోయింది.
"కనపడనిది పడ్డట్టే లెక్క సార్"
అన్నది సౌజన్య, కాయితం మీద వంగి.

మా సారు దగ్గర కాయితం లేకుండె.
తప్పు చేస్తె ఫోర్సెప్స్‌తోని వేళ్ల గెనుపుల మీద ఒక్కటి.
మార్కులు మాత్రం మనుషుల మీద పడేటియి.

మొన్న దేవరకొండ బస్సు కాడ
ఒకాయన దండం పెట్టి, నలుగురి ముందట అంగీ ఎత్తిండు.
"మీ చెయ్యే సారూ. తొంబై ఎనిమిదిల.
గిప్పటిదాంక నొప్పి లేదు."
జానెడు గాటు.
బండలు కొట్టేటోని కడుపు మీద
కొత్త ఎడ్లు తీసిన సాలు లెక్క, వంకరగ.
ఆ అపెండిక్స్‌కు రెండు వేళ్ల జాగ చాలు.
మిగిలిందంత నా చదువు.
చెప్పలే. చాయ్ తాగుదాం రా అన్న.
చాయ్ పైసలు గూడ ఆయనే ఇచ్చిండు.

కాయితంల ఆఖరి గడి:
కణజాలం పట్ల మర్యాద.
దానికీ అయిదు మార్కులు.
రబ్బరుకేం మర్యాద అంటె
ఆ పిల్ల నవ్వలే.
సంచిల నుంచి సీతాఫలం తీసింది,
నార్కట్‌పల్లి అడ్డమీద కొన్నదట, కండ్లు తెరిచిన పండు.
డబ్బాల పెట్టి మూత వేసింది.
"గుజ్జు తీసి గింజ తేవాలె సార్. గింజ మీది పొర చినగొద్దు."

నాలుక చేసే పని.
మూడేండ్ల పోరడు తెలువకుండ చేసే పని.
ఇరవై నిమిషాలు పట్టింది.
చెమట అద్దాల మీదికి దిగింది.
ఒక గింజ. ఇంకో గింజ.
మూడోదానికి పొర పిసుక్కపోయి
తెరంత తెల్లగ అలికినట్టయింది.
ఇదే మనిషైతె, అనుకున్న.
పని నడుస్తుండగ ఆ మాట అనుకొని
ఎన్నేండ్లయిందో లెక్క అందక
కడ్డీలు కింద పెట్టిన.

లింగస్వామి ఒళ్లంత తిప్పి నా మొహం చూసిండు.
"నా మెడ గిట్లనే సారూ.
ఇటు చూడాలంటె అటునుంచి రావాలె.
యాష్టపడకుర్రి, అలవాటైతది."

అయిదుకు రెండు.
జాలిపడి ఒక్కటి కలిపే పిల్ల కాదు.
పరీక్షించినవారు అన్నకాడ ఆమె సంతకం,
అభ్యర్థి అన్నకాడ నాది.

మిగిలిన పండు ముగ్గురం పంచుకున్నం.
పోయిన రింగు కోసం లింగస్వామి డబ్బా బోర్లించిండు.
గింజలు రాలినయి. రింగు రాలే.
"రేపు అయిదింటితోనే కానియ్యిర్రి సార్" అన్నది సౌజన్య.
ఒద్దు, ఆరు ఉండాలె అన్న.
పాత గ్లౌజు మణికట్టు దగ్గర కత్తిరించి, మడిచి, ముడేసి
ఆరో రింగు చేసిన.
కత్తెర పొట్టిది, చేతులున్నది,
చెప్పినకాడ తెగింది.