మంచం కాళ్లకు నాలుగు గిన్నెలు

జులై ఒకటిన మాంట్రియల్లో సగం ఊరు ఇల్లు మారుతుంది.
మెలికల ఇనప మెట్ల మీంచి
ఫ్రిజ్‌లు తలకిందులుగా దిగుతాయి.
పేవ్‌మెంటు పొడుగునా ఎవరికీ అక్కర్లేని పరుపులు
ఎండలో వెల్లకిలా పడుకుంటాయి.

ఆ సాయంత్రమే కుర్చీ దొరికింది.
ఆకుపచ్చ మఖమలు, ఒక చెయ్యి కొంచెం వదులు.
ఊరికే వస్తోంది కదా అని
బస్సు డిపో నుంచి వీపున మోసుకొచ్చాను.
ఊరికే రాలేదు.

ఆగస్టు పదకొండున మాయెల్ మోచేతి కింద
మూడు దద్దుర్లు, కుట్టుమిషన్ వేసినట్టు వరసగా.
దోమ అన్నాను.
దోమకి అంత క్రమశిక్షణ ఉండదని తెలుసు.
అయినా దోమే అన్నాను.

మర్నాడు రాత్రి డ్యూటీ దిగి, మూడు గంటలకి,
బూట్లు విప్పకుండానే టార్చి వేశాను.
నా బస్సు కార్డు అంచుని పరుపు కుట్టు వెంట
మెల్లగా గీసుకుంటూ పోయాను.
తలవైపు మూలలో మిరియాలపొడి రాలినట్టు చుక్కలు.
తడిగుడ్డ అద్దితే తుప్పురంగు పాకింది.
పక్కనే విడిచేసిన చొక్కా ఒకటి,
ఉల్లిపొర కన్నా పల్చన, లోపల ఎవరూ లేరు.
చొక్కా బిగుతైందంటే పెరిగిందన్నమాట.
నా పిల్ల నెత్తురుతో ఒక సైజు పెరిగింది.

మొదట చేతులకి పుట్టిన బుద్ధి వేరు:
పరుపుని కిటికీలోంచి తోసెయ్యాలని,
పిల్లని ఎత్తుకుని సోఫాలోకి పారిపోవాలని,
కొట్లో దొరికే పొగడబ్బా పేల్చెయ్యాలని.
పొగకి చెదిరి గోడల్లో దూరతాయట.
మనం ఏ గదికి పారిపోతే ఆ గదికి
మన ఊపిరి ఆనవాలు పట్టుకుని వస్తాయట.
అందుకని మంచం వదలకూడదు.
కాపలా నేనే, ఎర కూడా నేనే.

దుప్పట్లు సంచిలో కుక్కి ముడి బిగించాను.
డ్రయ్యరు అన్నిటికన్నా ఎక్కువ వేడి మీద, నలభై నిమిషాలు.
మాయెల్ గుడ్డనక్కకి ఒక కన్ను గుండీ ఊడింది.
నన్నింకా క్షమించలేదు.
పరుపుకి జిప్పు ముసుగు.
గోడకీ మంచానికీ మధ్య జానెడు ఎడం.
నాలుగు కాళ్ల కింద నాలుగు ప్లాస్టిక్ గిన్నెలు,
దిగితే ఎక్కలేనంత నున్నటివి.
కుర్చీకి కత్తితో గాట్లు పెట్టి, కవరు చుట్టి,
నల్లులున్నాయి, ముట్టుకోకండి అని రాసి
తెల్లారకముందే బయట పెట్టాను,
దొంగతనం చేసినదానిలా.

ఇక మిగిలింది గోడ.
గోడ అవతల విల్నేర్ గారు, హైతీ నుంచి వచ్చిన దర్జీ,
చెత్త పారెయ్యడానిక్కూడా ఇస్త్రీ చొక్కాలో వెళ్లే మనిషి.
నల్లులు మురికివాళ్లకే వస్తాయనేది మా అమ్మ.
నల్లికి కావలసింది నెత్తురమ్మా, మురికి కాదు,
అని ఆవిడతో ఎప్పుడూ అనలేదు.
మూడుసార్లు ఆయన గుమ్మం దాకా వెళ్లి వచ్చేశాను.
నాలుగోసారి తలుపు కొట్టాను.

ఆయన అంతా విన్నాడు.
ఇస్త్రీ మడత చెదరకుండా చొక్కా చెయ్యి పైకి మడిచాడు.
నాలుగు, వరసగా.
"మూడు వారాలైంది మిరేయ్. నువ్వేమనుకుంటావో అని."
ఎటునుంచి ఎటు వచ్చాయో
ఆయన అడగలేదు, నేనూ అడగలేదు.
గోటితో పోయేది గొడ్డలి దాకా వెళ్లకముందే
ఇంటాయనకి ఇద్దరం ఒకే ఫోన్లోంచి మాట్లాడాం.

ఇప్పుడు పొద్దున్నే మాయెల్ గిన్నెలు తనిఖీ చేసి
క్యాలెండర్ మీద అంకె వేస్తుంది.
మొదటివారం ఏడు. మందు కొట్టాక రెండు.
సెప్టెంబరులో సున్నా, సున్నా, సున్నా,
నిన్న మళ్లీ ఒకటి.
గిన్నె గోడ ఎక్కుతూ, జారుతూ, ఎక్కుతూ.
"అమ్మా, ఇది తప్పిపోయిందేమో," అంది.

నేనేమీ అనలేదు.
నీళ్లు మరిగించడానికి వెళ్లాను.