ఇరవై గజాల వెనక నుంచి

మర్డో గెడ్డిస్ బౌలింగ్‌ను
ఎదురుగా నిలబడి చూసినవాళ్ళు ఎక్కువసేపు చూడలేదు.
నేను చూశాను, పదకొండు సీజన్లు,
వికెట్లకు ఇరవై గజాల వెనక గొంతుక్కూచుని.
నా ఎడమ చిటికెన వేలు ఇప్పటికీ
అతను పరిగెత్తుకొచ్చే వైపే వంగి ఉంటుంది.

మటౌరాలో వారమంతా గొర్రెల ఉన్ని తీసేవాడు,
రోజుకు రెండొందలు.
ఎంత తోమినా వదలని ఆ ఉన్ని జిడ్డు చేతులతోనే
శనివారం కొత్త బంతి అందుకునేవాడు.
ఒక పక్క నూనె రాసిన నల్లరాయిలా నిగనిగలాడేది.
అంపైర్ హ్యూ టర్న్‌బుల్ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని
"పొట్టేలు," అనేవాడు.
రూల్సులో పొట్టేలు ప్రస్తావన లేదు గనక
తిరిగి ఇచ్చేసేవాడు.

దక్షిణపు గాలికి అక్కడ అడ్డూ ఆపూ ఉండదు.
మంచుఖండం దాటితే తర్వాతి మజిలీ మేమే.
ఆ గాలికి ఎదురేగే ఎండ్ ఎవరికీ వద్దు,
కాబట్టి మర్డోకి.
గాలివాలు ఎండ్ కెప్టెన్ తమ్ముడికి.
స్వెటర్ విప్పి హ్యూ భుజాన వేసి
పంతొమ్మిది అడుగులు వెనక్కి లెక్కపెట్టుకునేవాడు
దొడ్లోకి మందను తోలుతున్నట్టు, పెదాలు కదుపుతూ.

ఒటాగో జట్టుకు తొమ్మిది మ్యాచ్‌లు.
ఇరవై ఆరు వికెట్లు.
విరిగిన పక్కటెముక ఒకటి (అవతలివాడిది).
పదో మ్యాచ్‌కి సెలవు దొరకలేదు,
ఉన్ని కాంట్రాక్టు మధ్యలో ఉంది.

వెల్లింగ్టన్ నుంచి సెలెక్టర్లు వచ్చింది ఏడో మ్యాచ్‌కి.
ముగ్గురు, మూడు పొడుగు కోట్లు.
మొదటి ఓవర్లోనే ఒక బంతి
గాలి మీద ఒరిగి ఒరిగి, చివర్లో మనసు మార్చుకుంది.
బ్యాట్ అంచున ఎండుపుల్ల విరిగిన చప్పుడు.
నా గ్లోవుల్లో పడింది.
పడి, బయటికొచ్చింది.

ఆ బ్యాట్స్‌మన్ పొద్దుగూకేసరికి నూట నలభై ఒకటి.
నా జీవితంలో ఇంకా చాలా క్యాచ్‌లు వదిలాను,
వాటికి నిద్ర చెడలేదు.
మర్డో నా వైపు చూడలేదు.
బంతిని తొడకు రుద్దుకుంటూ వెనక్కి నడిచాడు.
టీ వేళకు ఒక కోటు లేచింది, తర్వాత మిగతా రెండూ.

ముప్పై ఒకటికి మోకాలు పోయింది.
ఏటా డిసెంబరులో, మా ఎండలు ముదిరే నెలలో,
సగం గొర్రెను న్యూస్‌పేపర్లో చుట్టి
మా గుమ్మంలో దించిపోతాడు. ఎందుకని అడగలేదు నేను.

పోయినసారి ఉండబట్టలేక, "ఆ క్యాచ్..." అన్నాను.
"ఏ క్యాచ్?"
అబద్ధం చేతకాదు, చెవులు ఎర్రబడ్డాయి.
కాసేపటికి, సంచిలోంచి ఒక బంగాళాదుంప తీసి
రెండు వేళ్ళు దాని మీద ఆనించి
"నాలుగో బంతి. ఇలా పట్టుకున్నా," అన్నాడు.
"అటు పోతుందని నాకే తెలీదు. నీకెలా తెలుస్తుంది?"

గొంతుక్కూచునే ఓపిక నాకిప్పుడు లేదు.
నిలబడే, ఎందుకో, రెండు చేతులూ పట్టాను.

అతను దుంపను సంచిలో వేసేశాడు.
"మాంసం ఫ్రిజ్‌లో పెట్టు," అన్నాడు,
"ఎండగా ఉంది."