మొదటి పోటు

మా ఇల్లు కొయ్యకాళ్ళ మీద నిలబడుతుంది.
రోజుకి రెండుసార్లు సముద్రం నేల కిందకొచ్చి
పలకల సందుల్లోంచి మమ్మల్ని చూసి పోతుంది.
ఈ చిలోయె దీవిలో పుట్టినవాళ్ళకి
గడియారం కంటే ముందు అదే తెలుస్తుంది.

అయినా నాకు తెలియలేదు.

పంతొమ్మిదో రోజు.
ఎలిసేయో, ఆకలితో పిడికిళ్ళు నాకుతూ
కళ్ళు మూసి, నోరంతా తెరిచి
ఎంత నమ్మకంగా పట్టుకుంటావో.
నాలుగు గుక్కలు.
అంతలో చంక కింద నుంచి సూదుల్లాంటి పోటు,
పాలు చేపుకొచ్చేస్తాయి.
నీకు పొలమారుతుంది.
విల్లులా వెనక్కి విరుచుకుని
ఉడికిన పీతలా ఎర్రబడి
రెండు చేతులా నన్ను తోసేసి
గుక్కపట్టి ఏడుస్తావు.
నీ కనుబొమల మీద పాలు, నా మోచేతి మీద పాలు,
పొయ్యి పక్కన ఆరేసిన మీ నాన్న మేజోళ్ళ మీద పాలు.

ఎవరు చెప్పినా నమ్మేదాన్ని కాదు,
మూడున్నర కిలోల మనిషి తోస్తే
ఇంత దూరం పడతామని.

మా అత్త ఎర్మిందా ఉన్ని వడుకుతూ, తలెత్తకుండా,
"పాలు పలచన. బంగాళాదుంపల గంజి తాగు" అంది.
పక్కింటి తెరెసీతా దిష్టి అంది, ఎర్రదారం కట్టింది.
సాల్మన్ పంజరాల దగ్గర్నుంచి, గాలి హోరులో మీ నాన్న
"ఏంటీ? ఏంటీ?" అన్నాడు.
గంజి తాగాను. దారం ఉంచాను. ఫోన్ పెట్టేశాను.
రాత్రి మూడింటికి డబ్బాపాల ధర కూడా చూశాను.
నీకు చెప్పకూడదేమో గానీ, చెబుతున్నాను.

గురువారం పడవలో నర్సు గ్రిసెల్దా వచ్చింది.
తడిసిన కోటు మేకుకి తగిలించి
చేతులు పొయ్యి దగ్గర కాచుకుని
ఏమీ చెప్పలేదు, కూర్చుని చూసింది.
నాలుగు గుక్కలు, విల్లు, ఏడుపు.
"తక్కువై కాదమ్మా రోసాల్బా, ఎక్కువై.
ఫైరింజను గొట్టం నోట్లో పెడితే
నువ్వు మాత్రం తాగగలవా?"
నవ్వొచ్చింది. నవ్వుతుంటే ఏడుపొచ్చింది.
ఏడుపుతో పాటు మళ్ళీ పాలు.

మొదటి ధార గుడ్డకి పోనీ, అంది.
నువ్వు వెనక్కి వాలు, వాణ్ణి మీదికి ఎక్కించుకో,
పాలే కొండెక్కి రావాలి వాడి దగ్గరికి.
ఏడుస్తుంటే పట్టించకు. ముందు ఏడుపు దించు.

ఎన్నేళ్ళు ఏరాను ఈ ఒడ్డున ఆల్చిప్పలు!
పోటు మీదున్న నీళ్ళలోకి ఎవరైనా దిగుతారా?
అమ్మమ్మ జడ పట్టి లాగి మరీ నేర్పింది:
రాతి మీద కూర్చో, మొదటి విసురు పోనీ,
తర్వాత సముద్రమే చోటిస్తుందని.
నా ఒంట్లోనూ ఒక రేవుందని మాత్రం
ఆవిడా చెప్పలేదు.

ఇప్పుడు పోటు రాగానే నిన్ను విడిపిస్తాను.
నీకు కోపం. న్యాయమే.
నీ భోజనం గుడ్డలోకి పోతుంటే చూస్తూ అరుస్తావు.
భుజాన వేసుకుని కిటికీ దాకా, కిటికీ నుంచి పొయ్యి దాకా,
రేకుల మీద వానతో పాటు నేనూ ఏదో గొణుగుతూ.
తర్వాత వెల్లకిలా వాలతాను.
నువ్వు పాకి, ముక్కుతో వెతికి, దొరకబుచ్చుకుంటావు.

అన్నిసార్లూ కాదు.
నిన్న సాయంత్రం మూడుసార్లు ఓడిపోయాం.
నేనూ అరిచాను.
ఎర్మిందా చేతుల్లో నిన్ను పెట్టి
చెక్కవంతెన మీద వానలో నిలబడ్డాను.
తిరిగొస్తే ఆవిడ ఏమీ అనలేదు,
గంజి మాట కూడా ఎత్తలేదు.

ఈ రాత్రి నీళ్ళు తీస్తున్నాయి.
నేల కింద బురద బయటపడుతూ
చప్పరిస్తున్న చప్పుడు.
పైన, నా పొట్ట మీద, సగం నిద్రలో నువ్వు,
అదే చప్పుడు.
మెడ పట్టేసింది. లేవను.
మీ నాన్న మేజోళ్ళు ఇంకా పాలవాసనే.