చేదెక్కిన తీపి

మొదట చాక్‌పీసు. రావులపాలెం బస్సులో
పదికి రెండు.
గడప దగ్గర, గట్టు కింద, గ్యాస్‌బండ చుట్టూ
నూకరత్నం వదిన గీతలు గీసింది.
ఆ యేడు చచ్చాయి.
పొద్దున్నే ఊడిస్తే చేటలో చింతగింజల్లా గలగల.

మరుసటేడు ఎర్ర డబ్బా.
కొన్ని చచ్చాయి. కొన్ని వెల్లకిలా పడి
కాళ్ళాడిస్తూ కాసేపు ఆలోచించుకుని
లేచి వెళ్ళిపోయాయి.
ఇంకో డబ్బా కొట్టింది, అదే రంగు. ఇంకోటి.
నెయ్యికి మందు వాసన పట్టి
ఆ రోజు పూతరేకులన్నీ కాలవ పాలు.

ఆత్రేయపురంలో మా వరస పదకొండిళ్ళు,
నడుమ ఒంటి ఇటుక గోడలు.
బోర్లించిన కుండ మీద పిండిగుడ్డ జారితే
ఊపిరంత రేకు లేస్తుంది ప్రతి ఇంట్లో.
ఒకింట్లో మందు కొడితే అవి పక్కింటికి వస్తాయి,
చుట్టపుచూపుగా కాదు, కాపురానికి,
కడుపు చివర గుడ్ల సంచి మోసుకుంటూ.

తర్వాత తీపి జెల్.
కందిగింజంత బొట్లు, తలుపు బందుల్లో.
ఒక వేసవి బాగానే తిన్నాయి.
ఆపై ఒక రాత్రి టార్చిలైటు వెలుగులో
మెడ మీద రెండు గీతలున్న ఒకటి
బొట్టు దగ్గరికొచ్చి, మీసం ఆనించి, నోరు ఆనించి
కాకరరసం తగిలినట్టు వెనక్కి గెంతింది.
"దీనికీ నాలాగే షుగరొచ్చినట్టుందే,"
వదిన మామగారు నవ్వాడు.

నవ్వి ఊరుకోలేదాయన.
"సుడిదోమకి ఒకే మందు ఏడుసార్లు కొట్టినవాణ్ణి.
చచ్చేవి చచ్చాయి.
చావనివాటికి చేను రాసిచ్చాను.
మందు దోమకి ఏమీ నేర్పలేదే తల్లీ,
జల్లించింది. గట్టివి జల్లెట్లో మిగిలాయి.
పంచదార చేదనిపించే పిల్ల ఎప్పుడో ఒకటి పుట్టుంటుంది.
మామూలు రోజుల్లో ఆకలికి మాడేది.
మనం దాన్ని మహరాణిని చేశాం."

ఏసుపాదం వచ్చాడు. పురుగుమందు మనిషి,
సంచిలో పురుగుమందు లేదు:
జిగురు అట్టలు, కుళాయి వాషర్లు, తెల్ల సిమెంటు.
"ముందు లెక్క. ప్రతి ఇంటా అట్ట పెట్టండి,
పడ్డవి పాల లెక్కలా కేలండర్ మీద రాయండి.
చెమ్మ ఆపండి, బీటలు పూడ్చండి.
ఆ తర్వాతే మందు, అదీ తీపి లేని ఎరలో,
పదకొండిళ్ళకీ ఒకే రాత్రి.
కొన్నాళ్ళకి మార్చాలి. డబ్బా మీద పేరు మారితే చాలదండీ,
లోపల దెబ్బ తీసే తీరు మారాలి."

"మా ఇంట్లో లేవు," అన్నాను నేను.
పదిమంది ముందు, గట్టిగా.

నెలన్నర పాటు వాళ్ళ లెక్క దిగి దిగి
మళ్ళీ ఎక్కింది.
ఎవరూ ఏమీ అనలేదు. నూకరత్నం వదినే
ఓ మధ్యాహ్నం అట్ట పట్టుకొచ్చి
మాట్లాడకుండా మా ఫ్రిజ్ వెనక పెట్టి వెళ్ళింది.
తెల్లారి చూస్తే అట్ట కనపళ్ళేదు.
వెచ్చగా, మోటారు చప్పుడు మాటున,
నా పరువు వెనకాల
పెరిగిందంతా ఆ మహరాణి సంతానమే.

వదిన రేకుల్లో పంచదార చల్లుతూనే ఉంటుంది,
ఇరవయ్యేళ్ళుగా ఒక్కటీ నోట పెట్టలేదు.
చేదా అని అడగాలనిపించింది. అడగలేదు.

ఇప్పుడు మా కేలండర్ మీదా అంకెలున్నాయి.
అట్లతద్ది నాడు పంతొమ్మిది.
నాగులచవితికి ఆరు.
సున్నా ఇంకా రాయలేదు, ఏసుపాదం రాయమననూ లేదు.
ఈ వేళ రెండు.
పక్కన, పెన్సిల్‌తో:
కుళాయి మళ్ళీ కారుతోంది. వాషరు.