కథ జరిగిన చోటు

ఏడో తరగతి, బి సెక్షన్, పంతొమ్మిది పేపర్లు.
మూడో ప్రశ్న నేనే బోర్డు మీద రాశాను:
కథ ఎక్కడ జరిగింది? పాత్రల గుణాలు తెల్పండి.
పది మార్కులు.

అట్ట ఊడిపోయిన పిల్లల నవల అది.
ఎవరు తెలుగు చేశారో తెలియని ద్వీపం,
చుట్టూ మంచు, నడుమ దీపస్తంభం,
దాన్ని కాసే ముసలివాడు,
రొట్టెలు లెక్కపెట్టే అతని అక్క,
ఓడ దిగి, మా ఊరిపేరు మరిచిపోయానని
అబద్ధమాడే పిల్లాడు.
చిత్తూరంతా వెతికినా ఇంకో కాపీ దొరకలేదు.
రెండ్రోజులకొకరు ఇంటికి తీసుకుపోయారు.

పది పేపర్లూ ఒకే వాసన.
కాపరి: కఠినుడు, కానీ మంచివాడు.
అక్క: పిసినారి, కానీ మంచిది.
పిల్లాడు: అబద్ధాలకోరు, కానీ మంచివాడు.
ఆ "కానీ" నేను నేర్పిందే,
ఉప్పు మరిచిన సంగటికి
అంచున ఇంత ఊరగాయ పెట్టినట్టు.

పదకొండోది మునిప్రియది.
మూలన మామిడి సొన మరక,
కాగితం అక్కడ కాలినట్టు నల్లబడింది.

"కథ జరిగిన చోటు: బంగారుపాళ్యం రోడ్డులో
గుజ్జు ఫ్యాక్టరీ ముందర, వేబ్రిడ్జి పక్కన రేకుల షెడ్డు.
మా నాయన తోతాపురి లోడు దించాల.
ముందర నూటికి పైన ట్రాక్టర్లు.
మూడు రాత్రులు ఆడ్నే ఉంటిమి.
టార్చిలైటు ఆరిపోతే
వేబ్రిడ్జి నంబర్ల ఎర్ర వెలుతుర్లో చదివినా.
సముద్రం అని రాసినచోట
నాకు ట్రాక్టర్ల లైట్లే అగపడినాయి.

కాపరి: రాత్రిపూట మంచోడు.
పగలు కోపం, నిద్రలేనందుకు.
అక్క: పిసినారి కాదు మిస్.
ముగ్గురికి నాలుగు రొట్టెలుంటే
లెక్కబెట్టకుంటే ఎట్ల?
పిల్లోడు: ఊరిపేరు చెప్తే వాపసు పంపిస్తారని
అబద్ధం చెప్పినాడు.
తూకం రాసే అన్న కూడా అబద్ధం చెప్పినాడు,
క్వింటాకు ఆరు కేజీలు తరుగు అని.
ఆ అబద్ధం వేరే."

ఎర్రపెన్ను మూత తీసి పట్టుకుని కూచున్నాను.
కీ షీటులో ఒక్కటే వాక్యం:
ఉత్తర సముద్రంలోని ద్వీపం, రెండు మార్కులు.

ఎక్కడ జరిగిందీ అన్నాను గాని
ఎవరికి జరిగిందో చెప్పమనలేదు.

నేనీ పుస్తకం మొదటిసారి చదివింది
తిరుపతిలో, కొర్లగుంటలో,
మా చిన్నాయన సైకిల్ షాపులో.
ట్యూబు ముంచే ఇనప తొట్టిలో
మురికినీళ్లు, మీద నూనె తెట్టు.
బుడగ లేచిన చోటల్లా
నాకొక ఓడ మునిగేది.
చిన్నాయన అక్కడ అగ్గిపుల్ల గుచ్చి గుర్తు పెట్టేవాడు.
ఆ ద్వీపం పేరు ఇప్పుడు ఎవరడిగినా
ముందు రబ్బరు సొల్యూషన్ వాసనొస్తుంది,
పేరు తర్వాతెప్పుడో, ఒక్కోసారి రానే రాదు.
అయినా పరీక్షలో నేను
ఉత్తర సముద్రమనే రాశాను.
రెండుకి రెండొచ్చాయి.

రెండు వేశాను.
కొట్టేశాను.
ఈ కట్ట హెచ్చెమ్ గారు చూడాలి,
ఆయనకు వేబ్రిడ్జి ఎట్లా చెప్పను?
పక్కన మళ్లీ వేశాను, రెండు,
ఈసారి కాస్త లావుగా.

పేపరు వెనక, మార్జిను బయట, పెన్సిలుతో:
"మిస్, కడపటి ఆకులు ల్యా.
పిల్లోడు ఊరిపేరు చెప్పినాడా, చెప్పలేదా?
మా నాయన కూడా అడుగుతా ఉండాడు.
వానికీ చదివి వినిపించినా."

జవాబు కాగితంలో ప్రశ్న రాస్తే
మార్కులు కోయాలో ఏమో తెలీదు.
ఆ ఆకులున్న రోజుల్లోనే కదా నేను చదివింది,
తొట్టీ, అగ్గిపుల్లా గుర్తున్నాయి,
చిన్నాయన గోళ్లలో మసి గుర్తుంది.
వాడు చెప్పాడో లేదో
ఎంత తవ్వుకున్నా తేలదు.

బయట సందులో మామిడి లోడు పోతోంది,
గోడ మీది క్యాలెండరు అదిరింది.
పన్నెండో పేపరు తీశాను.
కాపరి: కఠినుడు, కానీ