వెండికాగితం

ముందు బ్యాటరీ నల్ల తీగ ఊడదీసింది డోర్కస్.
ఎర్రది తర్వాత.
బయట న్యూఫౌండ్‌లాండ్ పొగమంచు,
చేపల ఫ్యాక్టరీ సైరన్ మోగని ఏడో ఏడు.

క్యాంపర్ గోడపలక విప్పితే
ఎలుకలు కొరికిన తొక్కలు, చిలుం పట్టిన రాగి,
జడలు కట్టిన తీగలు.
ఏది ఎక్కడికో అన్న సెల్బీకే తెలుసు.
ఇప్పుడతన్ని అడగడానికి లేదు.

మీటరు ముల్లు కదల్లేదు.
చాసిస్ బోల్టు కింద తుప్పు గీకింది
ఇనుము తళుక్కుమనేదాకా.
ముల్లు లేచింది.
సగం రోగం ఎర్తు దగ్గరే.

ఫ్యూజు గూట్లో ఫ్యూజు లేదు:
సిగరెట్ పెట్టె వెండికాగితం, నాలుగు మడతలు.
"సెల్బీ, నిన్నూ..." అంది.
తిట్టు అక్కడే ఆగింది.
నలభై వేసవులు
ఈ కాగితం పక్కనే నిద్రపోయాం.

ప్రతి తీగకీ టేపు చుట్టి పేరు రాసింది:
పంపు. ఫ్యాను. వెనక దీపం.
ఒక్కదానికి దొరకలేదు.
వేళ్ళతో తడుముకుంటూ పోతే
కింది పడక మూల, ఉసిరికాయంత బల్బు,
చీకటంటే భయపడే చెల్లెలి చెయ్యి
అందే ఎత్తులో.

దాన్ని కత్తిరించి పారేయలేదు.
కొత్త తీగ లాగి
మధ్యలో నిజం ఫ్యూజు, చిన్నది, బిగించి
టేపు మీద ఏం రాయాలో తోచక
పెన్ను మూత నములుతూ కూర్చుంది.